కప్పు మీద రెండక్షరాలు

నలభై ఏళ్ళుగా కప్పులు అమ్ముతున్నాను. హుస్సేనీ ఆలంలో మా దుకాణానికి పెద్ద బోర్డే ఉంది, కానీ దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. "కప్పుల సేటు దుకాణం ఎక్కడ" అని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. విశ్వేశ్వర్ అనే నా పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. నేను ఆటలాడింది లేదు. బడిలో ఖోఖో ఆడబోయి మోకాలు పగలగొట్టుకున్నదే మొదలూ చివరా. కానీ లోకంలో ఏ ఆటలో గెలిచినవాడికి ఏమిస్తారో అడగండి, నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

దుకాణం వెనక గోడ నిండా పెద్ద పెద్ద కప్పుల బొమ్మలు అంటించాను. వాటి కిందే ముష్తాక్ పీట. ముష్తాక్ మా దగ్గర కప్పుల మీద పేర్లు చెక్కుతాడు. వయసులో నాకన్నా రెండేళ్ళు చిన్న, మొండితనంలో పదేళ్ళు పెద్ద. ఏ కప్పు గొప్పదని మా ఇద్దరికీ రోజూ లొల్లే. నా ఓటు ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు. ఆరు కిలోల పైన బంగారం, కింద పచ్చరాయి పట్టీలు. గెలిచిన దేశం పేరు పీఠం అడుగున ఉంటుంది, తిరగేస్తేగాని కనబడదు. గొప్పవాడు పేరు చూపించుకోడు అంటాను నేను. ముష్తాక్ ఓటు అమెరికా, కెనడావాళ్ళు ఆడే మంచు హాకీ కప్పుకు. పెళ్ళి వంటల గుండిగల మీద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టుంటుంది దాని వాలకం. కానీ ఒళ్ళంతా పేర్లే. గెలిచిన జట్టులో ఒక్కొక్క ఆటగాడి పేరూ చెక్కుతారు. చోటు నిండిపోతే పాత పట్టీ ఊడదీసి భద్రంగా దాచి, కొత్త పట్టీ వేస్తారు.

"కప్పంటే గది సేట్," అంటాడు ముష్తాక్. "నీ బంగారపు కప్పు జూస్తె ఎవడు గెలిచిండో సమఝ్ అయితదా? గీ దాని మీదనైతే తాతలనాటోని పేరు గూడ వేలు వెట్టి చదువొచ్చు."

"చెక్కుడు పనోనివి. పేర్లు ఎన్ని ఎక్కువుంటే నీకంత గొప్ప," అంటాను.

ఇక మిగతావి ఇద్దరికీ వినోదమే. టెన్నిస్ మగవాళ్ళ కప్పు మీద అనాసపండు ఎందుకు కూర్చుందో అది ఇచ్చేవాళ్ళకే సరిగ్గా తెలియదు. అమెరికా ఫుట్‌బాల్‌వాళ్ళు ఏటా కొత్తది చేయించి గెలిచినవాళ్ళకే వదిలేస్తారు, అటువంటి గిరాకీ ఒక్కటి తగిలినా మా పంట పండేది. ఇన్ని కప్పులు పోల్చి చూశాక నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఎక్కడైనా కప్పు మీద గెలిచినవాడి పేరుంటుంది, లేకపోతే దాన్ని ఇచ్చిన దొర పేరుంటుంది. మా పాతబస్తీ గల్లీల్లో మాత్రం చనిపోయినవాడి పేరుంటుంది. కబడ్డీ కానీ, క్యారమ్ కానీ, తండ్రి పోయిన కొడుకో కొడుకు పోయిన తండ్రో ఒక కప్పు ఇస్తాడు. పేరు ముందు కీ.శే. అని రెండక్షరాలు పడతాయి. కీర్తిశేషులు అని. నలభై ఏళ్ళలో ఫలానావాళ్ళ పేరు మీద కప్పు కావాలని వచ్చినవాళ్ళలో, ఆ ఫలానా మనిషి బతికి ఉండటం నేను ఎరుగను. కాశమ్మ వచ్చేదాకా.

కాశమ్మ కొడుకు నిఖిలేష్ చనిపోలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో దాచిపెట్టి ఊరించాల్సింది ఏమీ లేదు. తప్పు నాది. ఆ తప్పు ఎంతదో తెలియాలంటే నిఖిలేష్ సంగతి తెలియాలి. నాకు అది ఆలస్యంగా తెలిసింది, మీకు ఇప్పుడే చెబుతాను.

ఛత్రినాకలో కబడ్డీ బాగా ఆడే కుర్రాడు. మూడేళ్ళ కింద అక్కడి టోర్నమెంటు ఫైనల్లో చివరి కూత వాడిదే. ఇద్దరిని తాకి గీత దాటి వచ్చాడు, అంపైరు పాయింట్లు ఇచ్చేశాడు, జనం మైదానంలోకి దూకారు. అప్పుడు నిఖిలేషే చెయ్యెత్తి, నా కాలు పక్క గీత దాటింది, నేను అవుట్ అన్నాడు. ఎవరూ చూడలేదు, వాడే చెప్పాడు. ఒక్క పాయింటుతో కప్పు పోయింది. రన్నర్స్ అని రాసిన చిన్న కప్పు చేతిలో పట్టుకుని వస్తుంటే తండ్రి ఓదెలు ఎదురెళ్ళి నలుగురిలో చెంప మీద కొట్టాడు. ఆటో స్టాండులో అందరితో, కప్పు మాదేనని పందేలు కాసిన మనిషి. "కప్పు లేకుంట ఇంటికి రాకు" అన్నాడు. వాడు ఆ చిన్న కప్పును అక్కడే నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఫోను లేదు, ఉత్తరం లేదు. పోలీసు కంప్లైంటు అయింది, కొండగట్టు నుంచి షిర్డీ దాకా వెతకడం అయింది. చివరికి కాశమ్మకు ఒక ఆలోచన వచ్చింది. కప్పు లేకుండా రావద్దన్నాడు కదా తండ్రి, అయితే వాడి పేరు మీదే కప్పు ఉండాలి. అదే మైదానంలో ఇవ్వాలి. ఫోటోలు ఫోన్లన్నిటికీ వెళ్ళాలి. ఎక్కడున్నా ఏదో ఒక ఫోనులో వాడు చూస్తాడు, కప్పు ఉందని తెలుస్తుంది, ఇంటికి వస్తాడు. పూలు కట్టి అమ్ముకునే మనిషికి వచ్చిన ఆ ఆలోచన ముందు మన చదువులన్నీ దండగ.

ఆమె బోనాలు అయిపోయిన వారానికి వచ్చింది. దుకాణం ముందు ఆటో ఆగింది. నడుపుతున్న మనిషి దిగలేదు, అటువైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఒక్కతే మెట్లెక్కింది.

"సేటూ, కబడ్డీ కప్పు గావాలె. పెద్దది."

"ఎవరి పేరు మీదమ్మా?"

"నా కొడుకు. నిఖిలేష్."

నేను కళ్ళజోడు తీశాను. మా వ్యాపారంలో అది మర్యాద. "అయ్యో. ఎప్పుడు పోయిండమ్మా?"

"మూడేండ్లాయె సేటూ పోయి."

పోయిండు అంటే మన దగ్గర వెళ్ళిపోయాడనీ అర్థమే, చచ్చిపోయాడనీ అర్థమే. నలభై ఏళ్ళు కీ.శే.లు రాసిన నా చెవికి రెండోదే వినబడింది. ఆమె చెప్పింది మొదటిది. ఎట్లా పోయాడని నేను అడగలేదు. కడుపుకోతతో వచ్చిన తల్లిని అది అడగకూడదని మా నాన్న నేర్పాడు. ఆ ఒక్క రోజు మర్యాద లేనివాడినై అడిగి ఉంటే బాగుండేది.

ఆమె గోడ మీది బొమ్మలు చూస్తూ నిలబడింది. "గియన్ని ఏంది సేటూ?"

అడిగిందే చాలు, నా పురాణం మొదలైంది. ఇది క్రికెట్‌ది, మూడు కంబాల మీద భూగోళం. ఇది టెన్నిస్‌ది. ఇది ఫుట్‌బాల్‌ది, అసలుసిసలు బంగారం. ఆమె బంగారం వైపు కన్నెత్తి చూడలేదు. మంచు హాకీ కప్పు దగ్గర ఆగింది.

"గీ దాని మీద రాసినయి పేర్లా?"

"పేర్లే అమ్మా," అని ముష్తాక్ పీట మీంచి లేచాడు. వాడి కప్పు గురించి ఒకరు అడగడం అదే మొదలు. "ఆడినోళ్ళందరి పేర్లు. ఒక్కసారి ఎక్కితె ఎన్నడు పోదు."

"దూరంకెల్లి గూడ కనవడ్తయా?"

"మనం పెద్దగ చెక్కుదాం."

"ఫోటోల కనవడాలె సేటూ. ఎంత దూరం పోయిన ఫోటోలనైనా సరే, వాని పేరు కనవడాలె. వాడు జూస్తె ఖుష్ గావాలె."

"చూస్తడమ్మా," అన్నాను. ఎక్కడి నుంచి చూస్తాడో నేను ఒకటి అనుకున్నాను, ఆమె ఒకటి అనుకుంది. ఇద్దరం తలలూపుకున్నాం.

ముష్తాక్ గీసిన బొమ్మ ప్రకారం ఇత్తడి మీద వెండి పూతతో, గుండిగల్లాంటి రెండు అంతస్తులు, పైన గిన్నె. పై అంతస్తు చుట్టూ పేరు. రాయాల్సిన మాటలు ఆమె కాగితం మీద తెచ్చింది. పక్కింట్లో ఇంటర్ చదివే రచన రాసిచ్చిందట. "నిఖిలేష్ కప్పు. ఇచ్చినవారు అమ్మ కాశమ్మ, బాపు ఓదెలు." అంతే ఉంది.

ఆమె వెళ్ళాక కాగితం చూసి విసుక్కున్నాను. ఇంటర్ చదివే పిల్ల, చనిపోయినవాడి పేరు ముందు కీ.శే. పెట్టాలని తెలియదు, స్మారకమన్న మాట తెలియదు, ఏం చదువులో ఏమో. ముష్తాక్ ఉర్దూ చదువుతాడు, ఇంగ్లిషు అక్షరాలు వచ్చు, తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. నేను రాసిచ్చిన తెలుగును బొమ్మ దింపినట్టు దింపుతాడు. ఒక్క వంకర కూడా తప్పిపోదు. అందుకని మా దుకాణంలో తెలుగు దిద్దే పని నాది. తెల్లకాగితం తీసి, చేతి రాత కుదిరేదాకా రెండుసార్లు రాశాను. కీ.శే. నిఖిలేష్ స్మారక కప్పు.

ముష్తాక్ ఆ రెండక్షరాలను గుర్తుపడతాడు. ఇన్నేళ్ళలో వేలసార్లు చెక్కాడు. కాగితం చేతిలో పట్టుకున్నాడు కానీ ఉలి అందుకోలేదు.

"సేట్, ఆమె మొహం జూసినవా?"

"చూసిన. ఏమైంది?"

"బచ్చా మర్‌గయా అంటె అమ్మలు గట్ల ఉండరు. నేను మస్తు మందిని జూసిన. ఆమె పోయినోళ్ళ ఫాతెహాకు వచ్చినట్టు లేదు, బతికున్నోళ్ళ కోసం దువాకు వచ్చినట్టుంది. ఒక్కసారి ఫోన్ జేసి పూఛ్ లే."

"తాతకు దగ్గులు నేర్పకు ముష్తాక్ భాయ్. నీ కొడుకు నిజంగ పోయిండా అమ్మా అని ఫోన్ జేసి అడుగుమంటవా? నిన్న మొన్న వచ్చిన్నా నేను గీ లైన్ల?"

వాడు తల వంచి ఉలి అందుకున్నాడు. నాతో వాదించడానికి కప్పులున్నాయి కానీ, పనిలో నేను గొంతు పెంచితే వాడు ఎదురు చెప్పడు. అది వాడి మంచితనం. అది నాకు అలుసైంది.

కప్పు తీసుకుపోవడానికి ఓదెలు వచ్చాడు. నేనే పాత చీరగుడ్డలో చుట్టి మూట కట్టి ఉంచాను. ఆ మనిషి దాన్ని ముట్టుకోలేదు. "నా చేతికియ్యకు, ఆటోల వెట్టు" అని ముష్తాక్‌తో చెప్పాడు. దుఃఖంలో ఉన్నాడనుకున్నాను. మూట విప్పి చూపించి ఉంటే ఆటో నడిపే మనిషి ఆ మాత్రం చదివేవాడు.

పదకొండో రోజు కాశమ్మ మళ్ళీ వచ్చింది. వెంట రచన. కప్పు రచన చేతిలో ఉంది, గుడ్డ లేకుండా. కాశమ్మ మెట్ల మీదే కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మీరేనా సేటంటే?" అంది రచన. పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, కానీ ఆ అడిగిన తీరుకు నేను లేచి నిలబడ్డాను. "నేను రాసిచ్చిన కాగితంల కీ.శే. ఉందా?"

"లేదమ్మా. నువ్వు మర్చిపోయినవని..."

"నేను మర్చిపోలే. నిఖిలేష్ అన్న సచ్చిపోలే. ఇంట్లకెల్లి ఎల్లిపోయిండు."

ముష్తాక్ ఉలి కింద పెట్టిన చప్పుడు వినబడింది. రచన ఆపకుండా చెప్పుకుపోయింది. మూట విప్పకుండానే టోర్నమెంటువాళ్ళకు అప్పజెప్పారట, ఫైనల్ రోజే వాళ్ళు విప్పి కప్పును బల్ల మీద పెట్టారట. మైకు పట్టుకున్నాయన కప్పు మీద ఉన్నది ఉన్నట్టు చదివాడట. కీర్తిశేషులు నిఖిలేష్ ఆత్మశాంతికి అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలని చెప్పాడట. మైదానమంతా లేచింది. కాశమ్మ కూడా లేచింది. మైకులో మాట సరిగ్గా వినబడలేదు, పేరు మాత్రం వినబడింది, కొడుకు పేరు పిలిచారని సంతోషంగా నిలబడింది. అందరూ తలలు వంచుకోవడం చూసి, "ఎవలు పోయిన్రే?" అని రచనను అడిగిందట.

"నేనేం జెప్పాలె సేటూ గప్పుడు?" అంది రచన. ఏడుస్తోంది. "మౌనం అయిపోయినంక ఆడోళ్ళందరు అచ్చి ఆమెను పట్టుకొని ఏడ్చిన్రు. ఓదెలు కాక గ్రౌండ్ల వడిపోయిండు. గెలిచినోళ్ళు కప్పు వట్టుకొని ఫోటో దిగి, తెల్లారి వాళ్ళే తెచ్చి ఇంట్ల వెట్టిపోయిన్రు. మాకద్దు అన్నరు."

నేను కాశమ్మ ముందు మెట్టు మీద కూర్చున్నాను. నలభై ఏళ్ళలో గిరాకీ ముందు నేను అట్లా కూర్చోలేదు. "తప్పయింది తల్లీ" అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అంటున్నప్పుడే తెలిసింది.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "గా రెండక్షరాలు తీసెయ్యి సేటూ" అంది.

ముష్తాక్ కప్పును ఒళ్ళో పెట్టుకుని వేలితో తడిమి చూశాడు. లోతుగా చెక్కాడు, దూరం నుంచి కనబడాలని అడిగింది కాశమ్మే. గీకితే వెండి పూత పోయి ఇత్తడి బయటపడుతుంది, ఏదో ఉండేదని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. తన మంచు హాకీ కప్పు మీద కూడా ఒకసారి ఉండకూడని పేరు ఎక్కిందనీ, దాన్ని తీయలేక వరసగా ఇంటూ గుర్తులు కొట్టి వదిలేశారనీ ముష్తాక్ నాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఆ రోజు చెప్పలేదు. "తీసెయ్యొద్దమ్మా. కొత్తది జేస్త. నా చేతితోని, నీ కాగితం జూసి జేస్త" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇద్దరం మూడు రోజులు ఆ పని మీదే కూర్చున్నాం. ఆ మూడు రోజులూ మా మధ్య ఏ కప్పు గొప్పదన్న మాట రాలేదు. గోడ మీద ఇంగ్లండు, ఆస్ట్రేలియా క్రికెట్‌వాళ్ళ బుల్లి చెంబు బొమ్మ ఉంటుంది. ఒకసారి ఇంగ్లండు ఓడిపోతే అక్కడి పేపరు, మా క్రికెట్ చచ్చిపోయింది అని వేళాకోళంగా చావు కబురు వేసింది. దాని బూడిద పేరు మీద పుట్టిందే ఆ చెంబు. బతికున్నదానికి చావు రాసి నవ్వుకున్నారు, ఇప్పటికీ దానికోసం కొట్టుకుంటారు. వచ్చినవాళ్ళందరికీ ఆ కథ నవ్వుతూ చెప్పేవాణ్ణి. ఆ బొమ్మ చింపి పారేశాను.

కొత్త కప్పు మీద కాగితంలో ఉన్నదే చెక్కించాను. అక్షరం తీయలేదు, అక్షరం కలపలేదు. కాశమ్మ దాన్ని పట్టుకుని మా దుకాణం ముందే నిలబడితే రచన ఫోటో తీసింది. "నిఖిలేషన్నా, గిది నీ కప్పు. అమ్మ నీకోసం ఎదురుచూస్తున్నది. ఇంటికి రా" అని రాసి తెలిసిన గ్రూపులన్నిటికీ పంపింది. నేను నా జీవితంలో మొదటిసారి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను, ముష్తాక్ కూడా పెట్టాడు. బార్కస్‌లో ఫుట్‌బాల్ ఆడే పిల్లల దగ్గర నుంచి పెళ్ళి బ్యాండువాళ్ళ దాకా నా దగ్గర నంబరున్న ప్రతి ఒక్కరికీ పంపాను.

మరో తొమ్మిది రోజులకు శ్రవణ్‌కుమార్ వచ్చాడు. నిఖిలేష్ ఆడిన జట్టుకు మూడేళ్ళ కింద కెప్టెన్ వాడే. ప్రయాణం చేసి సరాసరి వచ్చినట్టు బట్టలు నలిగి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"సేటూ, నిఖిలేష్ భీవండిల ఉండె," అన్నాడు.

నేను, ముష్తాక్ ఒకేసారి లేచాం.

"ఉండె అంటున్న. ఇప్పుడు లేడు. మా పెద్దబాపు కొడుకు ఆడ మగ్గాల కార్ఖానల పని జేస్తడు. సిరిసిల్లోడు, నిఖిలేష్‌ను ఎరుగడు. గా పక్క రూంలనే వీడు నిఖిల్ అని ఉంటుండెనట. ఆయితారం ఆయితారం వాళ్ళతోని కబడ్డీ ఆడుతుండెనట. ఫైనల్ అయినంక నేను స్టేటస్ వెట్టిన ఫోటో జూసి మా అన్న, మీ హైదరాబాద్ కప్పు జూడురా అని వీనికి జూపిండట."

"ఏ ఫోటో?" అన్నాను. అడగక్కర్లేదు. ఫైనల్ అయినప్పటికి కొత్త కప్పు పుట్టనే లేదు.

"పేరు పెద్దగ జేసి జేసి జూసిండట. శానాసేపు. మా అన్నకు ఏం సమఝ్ గాలే. పొద్దుగాల కార్ఖానకు రాలేదట. రూంల బ్యాగు లేదు. ఫోన్ బంద్. అయిదు దినాల కింద మీ కొత్త ఫోటో మా అన్నకు వంపితె, కింద 'ఇంటికి రా' అని రాసింది జూసి అప్పుడు సమఝ్ అయి నాకు ఫోన్ జేసిండు. నేను వోయి రెండు దినాలు దేవులాడి వచ్చిన. స్టేషన్, బస్టాండ్, అన్ని. వాని నంబరుకు కొత్త ఫోటో వంపిన. ఒకటే టిక్కు వడ్డది. గట్లనే ఉన్నది."

"ఏమన్న అన్నడా వాడు? ఫోటో జూసి?"

శ్రవణ్‌కుమార్ చెప్పాడు. చెప్పి, గోడకు చేరగిలబడి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "కాశమ్మక్కకు నేను జెప్పలేను సేటూ. నాకు నోరొస్తలేదు. నువ్వు రాసినవ్. నువ్వే జెప్పు."

వాడు అన్నది న్యాయం. నేను వెంటనే షట్టరు దించాను. లేకపోతే రేపు చెప్పొచ్చు, ఎల్లుండి చెప్పొచ్చు అని నా మనసు నన్ను బుజ్జగించేది. ముష్తాక్ చెప్పులేసుకుని వెంట వచ్చాడు.

ఛత్రినాకలో వాళ్ళది ఒకటిన్నర గది ఇల్లు. కాశమ్మ గుమ్మంలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. ఓదెలు లోపల మంచం మీద ఉన్నాడు. మైదానంలో పడిపోయినప్పటి నుంచి ఆటో తీయడం లేదట. మమ్మల్ని చూసి కాశమ్మ దండ పక్కన పెట్టింది. దారిపొడుగునా ఎట్లా చెప్పాలో నేను కూడబలుక్కుని వచ్చాను. అవేవీ నోటికి రాలేదు.

"నిఖిలేష్ బతికే ఉన్నడమ్మా. భీవండిల కనవడ్డడు."

ఆమె ఒక్క కేక వేసింది. ఏడుపో నవ్వో తెలియలేదు. పూలు చెల్లాచెదురైనా చూసుకోకుండా లేచి, "ఏమయ్యో, ఇన్నవా! బతికున్నడు! నేను జెప్తలేనా!" అని లోపలికి పరుగెత్తింది. చక్కెర డబ్బా తెచ్చి నా నోట్లో పోసింది, ముష్తాక్ నోట్లో పోసింది. పక్కిళ్ళ తలుపులు కొట్టింది. "నా కొడుకు బతికున్నడు! సచ్చిండన్నరు గదనే, తినున్రి!" అని ఒక్కొక్కరి చేతిలో చక్కెర పోసింది. రచన వచ్చింది, ఆడవాళ్ళు వచ్చారు. నా అరవై రెండేళ్ళలో ఒక మనిషి అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. ఆ సంతోషాన్ని ఇంకో నిమిషంలో నా చేతులతో నేనే చంపాలి.

ఓదెలు మంచం దిగి మేకుకున్న ఆటో తాళాలు తీసుకున్నాడు. "భీవండి ఎంత దూరముంటది సేటూ?"

"ఆడ లేడు ఓదెలన్నా. ఎల్లిపోయిండు. శ్రవణ్ పోయి దేవులాడి వచ్చిండు."

"ఎందుకు పోయిండు?" అంది కాశమ్మ. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "కప్పు జూడలేదా?"

"చూసిండు."

"మరి?"

ఆమె నా మొహం చూసింది, ముష్తాక్ మొహం చూసింది. నవ్వు మెల్లగా పోయింది. "ఏ ఫోటో జూసిండు సేటూ? కొత్తదా, పాతదా?"

"పాతది."

ఆమె చక్కెర డబ్బా మూత పెట్టింది. తడుముకుంటూ పెట్టింది. "ఏమన్నడు?"

అబద్ధం చెప్పొచ్చు. ఏమీ అనలేదట అంటే సరిపోయేది. ముష్తాక్ నా చెయ్యి నొక్కాడు, అదే చెప్పమని. కానీ నా బుర్రకు తోచింది నేను ఆమె మాటలకు ఒకసారి కలిపాను, దాని ఫలితం ఇది. ఇప్పుడు వాడి మాటల్లోంచి తీసేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

"'బాపు అనుకుంటడని తెల్సు, అమ్మ గూడ అనుకున్నదా' అన్నడట."

ఓదెలు చేతిలో తాళాలతోనే గోడ పక్కన కూలబడ్డాడు. కాశమ్మ కదల్లేదు. గట్టిగా ఏడుస్తుందనుకున్నాను, గుండె బాదుకుంటుందనుకున్నాను. ఆమె నాకు దగ్గరగా వచ్చి, ఆ మాట అన్నది నేనే అన్నట్టు, నెమ్మదిగా, నచ్చజెప్పుతున్నట్టు మాట్లాడింది.

"నేను అనుకోలే సేటూ. ఒక్క దినం గూడ అనుకోలే. నీకెర్కనే గద."

"ఎరుకనే తల్లీ."

"నాకు రాసుడు రాదు. నేను రాయించలే. గది వానికి ఎర్క లేదు గద. నేననుకోలేదని వానికి ఎవలు జెప్తరు?"

ఆమె ముష్తాక్ వైపు తిరిగి, "నువ్వు జెప్పు భాయ్, ఎవలు జెప్తరు?" అంది. వాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తర్వాత ఆమె గుమ్మం దాటి, గల్లీలో చక్కెర అరచేతుల్లో పట్టుకుని నిలబడ్డ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కరినీ అదే అడగడం మొదలుపెట్టింది.